బీడీ తాగిన నాయనకు మాత్ర లేదంట, తాగని చిన్నమ్మకు ఉందంట. ఎందుకు?

అడిగింది: ఆదోని కుర్రోడు
మా నాయన పత్తి మార్కెట్లో హమాలీ. నలభై ఏళ్లుగా చెవి మీద బీడీ లేకుండా ఇల్లు దాటింది లేదు. పోయిన నెల కర్నూలులో బయాప్సీ (ముక్క తీసి చేసే పరీక్ష) చేయిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్, స్క్వామస్ సెల్ కార్సినోమా అనే రకం అని వచ్చింది. మా చిన్నమ్మకూ రెండేళ్ల కిందట ఊపిరితిత్తుల క్యాన్సరే వచ్చింది, ఆమె జన్మలో బీడీ ముట్టలేదు, రోజూ ఒక మాత్ర వేసుకుంటూ ఇప్పటికీ పొద్దున్నే వాకిలి ఊడ్చి ముగ్గేస్తుంది. ఆ మాత్రే నాయనకూ రాయమంటే కుదరదన్నారు, కీమో, రేడియేషన్ అంటున్నారు. ఇంకోటి, "వచ్చినాక మానితే ఏం లాభం" అని మా పెద్దనాయన కొడుకు బీడీ కట్టలు తెచ్చిస్తున్నాడు.

ల్యాబ్ మనిషి, కర్నూలు:
పేరు ఒకటే గానీ జబ్బులు వేరు తమ్ముడూ. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో స్మాల్ సెల్, స్క్వామస్ అనే ఈ రెండు రకాలకూ పొగతో బాగా గట్టి సంబంధం. అడినోకార్సినోమా అనే ఇంకో రకం పొగ తాగేవాళ్లకూ వస్తుంది, కానీ తాగనివాళ్లకు వచ్చేది ఎక్కువగా అదే. వాళ్ల గడ్డ చాలాసార్లు ఈజీఎఫ్ఆర్ లాంటి ఒక్క జన్యువు మార్పు మీద నడుస్తుంటుంది, ఆసియా వాళ్లలో ఇది ఎక్కువ. మాత్ర ఆపేది ఆ ఒక్కదాన్నే. స్క్వామస్‌లో ఆ మార్పు అరుదు, లేనిచోట మాత్ర ఇస్తే తాళమే లేని తలుపుకు తాళంచెవి పెట్టినట్టు. చిన్నమ్మ రిపోర్టు తీసి చూడు, ఈజీఎఫ్ఆరో, అట్లాంటిదే ఇంకో జన్యువు ఏఎల్‌కేనో రాసుంటుంది.

ప్రొద్దుటూరు అన్న:
ముందు ఆ కట్టలు తెచ్చేవాణ్ణి ఆపు. మా మామకు దగ్గొస్తే టీబీ అని నెలల తరబడి మందులు మింగించారు, తీరా చూస్తే స్మాల్ సెల్, అప్పటికే లివర్‌కు పాకింది. ఆయన రేడియేషన్‌కు పోతూ కూడా దొంగగా తాగేవాడు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ఆక్సిజన్ తగ్గిస్తుంది, ఆక్సిజన్ అందని గడ్డ మీద రేడియేషన్ సరిగా పనిచేయదు, ఈ ముక్క మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. జబ్బు బయటపడినాక మానినవాళ్లు మానని వాళ్లకంటే ఎక్కువ కాలం బతుకుతున్నారని చాలా అధ్యయనాల్లో తేలింది.

ల్యాబ్ మనిషి, కర్నూలు:
నిజం. అట్లని చిన్నమ్మతో పోల్చుకుని దిగులు పడొద్దు, అన్నిటికన్నా ముఖ్యం స్టేజి, అంటే జబ్బు ఎంత దూరం పాకిందనేది. గడ్డ కణాల మీద ఉండే పీడీ-ఎల్1 అనే ప్రొటీన్ పరీక్ష చేశారా అడుగు, ఇమ్యునోథెరపీ (ఒంటి రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే మందు) పనికొస్తుందా అనేది దాన్నిబట్టి కూడా చూస్తారు. ఖరీదు మాత్రం ఎక్కువే.

ఆదోని కుర్రోడు:
నాయన రిపోర్టులో పీడీ-ఎల్1 పేరు లేదన్నా, సోమవారం అడుగుతా. మావాణ్ణి గడప దగ్గరే ఆపినా. నాయన ఉత్త చెవి తడుముకుంటూ కూర్చున్నాడు.