మునిసిపల్ స్టేడియంలో మన ఫుట్‌బాల్ క్లబ్బులకు టైమ్ ఎలా సంపాదించారు? మీ అనుభవాలు చెప్పండి

లెఫ్ట్‌వింగ్_కోస్తా:
అందరికీ నమస్కారం. మాది కోస్తాలో ఒక మునిసిపాలిటీ. ఊరి పేరు రాయను, ఎందుకంటే అక్కడి సిబ్బందితో మళ్లీ మాట్లాడాల్సింది నేనే. ఊళ్లో నాలుగు ఫుట్‌బాల్ క్లబ్బులున్నాయి. అన్నీ కలిపితే ఎనభై మంది దాకా ఆడతారు, అందులో సగం బడిపిల్లలు. స్టేడియం మాత్రం ఒక్కటే. ఒకప్పుడు ఊరివాళ్లు చందాలు వేసుకుని ప్రహరీ కట్టించారని పెద్దవాళ్లు చెబుతారు.

పొద్దున వాకర్స్, సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా ఒక క్రికెట్ కోచింగ్ వాళ్లు. మాకు ఫలానా టైమ్ అని ఎప్పుడూ లేదు. వాచ్‌మన్ గేటు తీస్తే ఆడతాం, తీయకపోతే రోడ్డు పక్కన కాసేపు వార్మప్ చేసి ఇళ్లకు వెళ్లిపోతాం. పోయిన నెల జిల్లా టోర్నీకి ముందు ఒక మీటింగ్ కోసం టెంట్లు వేశారు. మీటింగ్ అయ్యాక కూడా పది రోజులు తీయలేదు. తీశాక గుంజల గుంటలు ఎవరూ పూడ్చలేదు. అందులో కాలు పడి మా పద్నాలుగేళ్ల పిల్లాడికి చీలమండ బెణికింది. మూడు వారాలు కట్టు వేశారు. వాళ్లమ్మకు ఏం చెప్పాలో తెలియక నాకు రెండు రాత్రులు నిద్ర పట్టలేదు.

మీ ఊళ్లలో ఎవరైనా ఇలాంటి చోట పక్కాగా టైమ్ తెచ్చుకున్నారా? ఎలా తెచ్చుకున్నారు?

బొల్లారం_పాతఆటగాడు:
తమ్ముడూ, ముందు ఆ పిల్లాడి సంగతి చూడు. టోర్నీ ఉందని తొందరపెట్టి దించొద్దు. చీలమండ ఒకసారి సరిగా మానకపోతే జీవితాంతం బాధపెడుతుంది.

మన దగ్గర ఫుట్‌బాల్ పెద్ద స్టేడియాల్లో పుట్టలేదు. దేశం తరఫున ఆడిన తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడ నుంచి వచ్చాడు. రహీం సాబ్, అంటే కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదు సార్లు రోవర్స్ కప్ అనే పెద్ద ఫుట్‌బాల్ టోర్నీ గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన దేశం నాలుగో స్థానంలో నిలిచినప్పుడు కోచ్ ఆయనే, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో బంగారు పతకం తెచ్చినప్పుడూ ఆయనే. మా నాన్న ఈ కథలు చెబుతుంటే వింటూ పెరిగాను. మా చిన్నప్పుడు పేటకో ఖాళీ స్థలం ఉండేది, అందుకే గేటు తాళం గురించి ఎవరూ ఆలోచించలేదు. ఇప్పుడా స్థలాలు లేవు. కాబట్టి ఊరి స్టేడియం తాళమే అసలు సమస్య అయింది.

ఇంకో మాట. 2022 మార్చిలో హైదరాబాద్ ఎఫ్‌సీ అనే క్లబ్బు ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) గెలిచిన రోజు మా మనవడు ఆ పసుపు జెర్సీ వేసుకునే నిద్రపోయాడు. 2025లో ఆ ఫ్రాంచైజీ ఢిల్లీకి వెళ్లిపోయింది. పెద్ద క్లబ్బు ఊరు మారగలదు. మీ నాలుగు క్లబ్బులు ఎక్కడికీ పోవు. ఆఫీసరు దగ్గర ఈ మాట గట్టిగా చెప్పు.

రిటైర్డ్_సీనియర్‌అసిస్టెంట్:
మునిసిపల్ ఆఫీసుల్లో చాలా ఏళ్లు పనిచేశాను. లోపల ఎలా జరుగుతుందో చెబుతాను.

నాలుగు క్లబ్బులు నాలుగు అర్జీలు పెడితే ఏదీ కదలదు. ఒకరికిస్తే మిగతా ముగ్గురూ వస్తారని భయపడి అందరికీ లేదంటారు. ముందు మీలో మీరు కూర్చుని రోజులు పంచుకోండి. ఆ తర్వాత నలుగురి సంతకాలతో ఒకటే అర్జీ రాయండి. ఆటగాళ్ల సంఖ్య, వయసులు, అందులో బడిపిల్లలు ఎంతమందో రాయండి. ‘తగిన సమయం కేటాయించ ప్రార్థన’ అని రాస్తే చదివినవాళ్లకు ఏం చేయాలో తెలియదు. ‘మంగళ, గురువారాలు సాయంత్రం 5 నుంచి 6.30, ఆదివారం ఉదయం 7.30 నుంచి 10’ అని రాయండి. మ్యాచ్ అంటే రెండు 45 నిమిషాలు, మధ్యలో 15 నిమిషాల విరామం, ముందు వార్మప్, కలిపి రెండున్నర గంటలు పడుతుందని కూడా వివరించండి. చాలామంది ఆఫీసర్లకు ఈ లెక్క తెలియదు, గంట సరిపోతుంది కదా అనుకుంటారు.

అర్జీ చేతికిచ్చి రావద్దు. ఆఫీసుకొచ్చే కాగితాలు తీసుకునే తపాలా సెక్షన్‌లో ఇచ్చి, మీ కాపీ మీద ఇన్‌వర్డ్ నంబర్ (అర్జీ అందినట్టు వేసే నంబర్), తేదీ, ముద్ర వేయించుకోండి. అందులో ఒక వాక్యం తప్పకుండా ఉండాలి. 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పన్నెండో షెడ్యూల్‌లో పార్కులు, తోటలు, ఆటస్థలాలు వంటి సౌకర్యాలు కల్పించడం 12వ అంశం. అది పట్టణ స్థానిక సంస్థలు చేయదగ్గ పనుల జాబితాలోదే. మీరు అడిగేది ఎవరి దయా కాదు.

క్రికెట్ కోచింగ్ వాళ్లకు ఆ మూడు గంటలు ఎవరిచ్చారో కనుక్కున్నారా? సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో అడగొచ్చు, 30 రోజుల్లో జవాబివ్వాలి. స్టేడియం బుకింగ్ రిజిస్టర్ కాపీ, అనుమతి ఉత్తర్వు కాపీ, వసూలైన అద్దె వివరాలు అడగండి. కాగితం లేకుండా నోటిమాట మీద నడుస్తున్నవి చాలా ఉంటాయి. అయితే గొడవ కోసం కాదు, కూర్చుని మాట్లాడటానికి ఆ కాగితం ఉపయోగపడుతుంది.

ఉదయం_వాకర్67:
నేను ఆటగాడిని కాదు. మా ఊరి గ్రౌండ్‌లో రోజూ నడుస్తాను, షుగర్ ఉంది, డాక్టర్ నడవమన్నారు. ఒకసారి బంతి తగిలి మా మిత్రుడి కళ్లజోడు పగిలింది, కంటికి తగలకపోవడం అదృష్టం. అప్పట్నుంచి మా వాళ్లు ఫుట్‌బాల్ అంటే వద్దనేవారు. పిల్లలే వచ్చి మాతో మాట్లాడారు. ఏడు దాకా మేము, ఏడున్నర నుంచి వాళ్లు అనుకున్నాం. ఇప్పుడు వాళ్ల అర్జీ మీద మా వాకర్స్ సంఘం సంతకం కూడా ఉంది. బాబూ, మమ్మల్ని కలవండి. పెద్దవాళ్ల సంతకానికి ఆఫీసులో కొంచెం విలువుంటుంది.

అమ్మాయిల_కోచ్:
టైమ్ ఇచ్చారంటే ఏ టైమ్ ఇచ్చారని కూడా చూడాలి. మా అమ్మాయిల టీమ్‌కు మొదట రాత్రి ఏడు తర్వాత ఇచ్చారు. ఒకవైపు లైట్లు వెలగవు, బాత్రూమ్‌కు తాళం, తాళంచెవి ఇంటికి తీసుకెళ్లిపోయేవారు. రెండు నెలల్లో పద్దెనిమిది మందిలో ఏడుగురు మానేశారు. ఆట ఇష్టం లేక కాదు, ఇంట్లో పంపక. తల్లులందరినీ వెంటబెట్టుకుని వెళ్లి అడిగితే సాయంత్రం ఐదుకు మార్చారు. ఏడుగురిలో నలుగురు తిరిగొచ్చారు, మిగతా ముగ్గురి కోసం ఇప్పటికీ బాధపడుతుంటాను. అన్నా, మీ నాలుగు క్లబ్బుల్లో అమ్మాయిలున్నారా? ఉంటే వెలుతురున్న టైమ్ ముందు వాళ్లకు రాసి, తర్వాతే మిగతాది పంచుకోండి. బాత్రూమ్ తాళంచెవి సంగతి కూడా అర్జీలోనే రాయండి.

మాంచెస్టర్_నాన్న:
ఇంగ్లాండ్ నుంచి రాస్తున్నాను. ఇక్కడ అభిమానులే యజమానులైన క్లబ్బులున్నాయి. మాంచెస్టర్ యునైటెడ్‌ను గ్లేజర్ కుటుంబం కొన్నప్పుడు కోపమొచ్చిన అభిమానులు 2005లో ఎఫ్‌సీ యునైటెడ్ ఆఫ్ మాంచెస్టర్ పెట్టుకున్నారు. ఎంత డబ్బు పెట్టినా ఒక సభ్యుడికి ఒకటే ఓటు. పదేళ్లు సొంత గ్రౌండ్ లేదు, వేరే క్లబ్బుల స్టేడియాల్లో అద్దెకు ఆడారు. అభిమానులకు, స్థానికులకు కమ్యూనిటీ షేర్లు అమ్మి, గ్రాంట్లు తెచ్చుకుని 2015లో మాంచెస్టర్‌లోని మోస్టన్‌లో బ్రాడ్‌హర్స్ట్ పార్క్ అనే స్టేడియం కట్టుకున్నారు. ప్రారంభ మ్యాచ్‌కు పోర్చుగల్ క్లబ్బు బెన్ఫికా జట్టు వచ్చింది. మోస్టన్ జూనియర్స్ అనే పిల్లల క్లబ్బు కూడా అదే ప్రాంగణంలో ఆడుతుంది.

మీకు పనికొచ్చే విషయం వేరే ఉంది. ఇక్కడ ప్రజల డబ్బుతో గ్రౌండ్ కట్టినా బాగుచేసినా చాలాచోట్ల ‘కమ్యూనిటీ వినియోగ ఒప్పందం’ రాయిస్తారు. వారంలో ఏ గంటలు స్థానిక క్లబ్బులకు, పిల్లలకు ఎంత రేటు, ఎవరు బుక్ చేస్తారు, అన్నీ అందులో ఉంటాయి. మేనేజర్ మారినా ఆ కాగితం మారదు. మీ దగ్గర వాచ్‌మన్ మారితే మీ ఆట మారిపోతోంది.

అనంత_డిఫెండర్:
అనంతపురంలో ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) స్పోర్ట్స్ విలేజ్ చూసినవాళ్లకు తెలుస్తుంది. 2024లో దులీప్ ట్రోఫీ క్రికెట్ మ్యాచ్‌లు జరిగిన ప్రాంగణం అదే. ఫుట్‌బాల్‌కు, హాకీకి వేరే మైదానాలున్నాయి, పల్లెల పిల్లలు వచ్చి ఆడతారు. అది ట్రస్టుది, మునిసిపాలిటీలకు అంత స్థలం ఉండదు. కానీ ఒక ఆట ఇంకో ఆటను బయటికి నెట్టక్కర్లేదని అక్కడ ఆడినప్పుడు నాకు అర్థమైంది.

గ్రౌండ్స్‌మన్_కొడుకు:
క్రికెట్ వాళ్లు ఎందుకు వద్దంటారో చెబుతాను, మా నాన్న జీవితమంతా పిచ్‌లు చూసుకున్నారు. మధ్యలో ఉండే పిచ్ మీద స్టడ్లు (అడుగున ముళ్లలాంటివి) ఉన్న ఫుట్‌బాల్ బూట్లతో పరిగెత్తితే వారాల పని పోతుంది. అది నిజమైన బాధ. పూర్తి కొలత మైదానం అంటే 105 మీటర్ల పొడవు, 68 వెడల్పు, అది ఆ పిచ్ మీదుగా పోకుండా కుదరదు. ప్రాక్టీసుకు సగం మైదానం ఒక పక్కన తీసుకోండి. మ్యాచ్ రోజు పిచ్ చుట్టూ తాడు కట్టి, తర్వాత మీరే నీళ్లు పట్టి రోలర్ తిప్పుతామని రాసివ్వండి. వానపడ్డ రోజు ఎంత మనసైనా దిగొద్దు. కదిలించే గోల్‌పోస్టులైతే వెనక ఇసుక బస్తాలు తప్పనిసరి, అవి పిల్లల మీద పడితే ప్రాణాపాయం.

టెంట్ల గురించి: మీటింగులు ఆపలేరు. కానీ డిపాజిట్ తీసుకోమని, గుంటలు పూడ్చి చూపించాకే తిరిగివ్వమని అడగొచ్చు.

రైట్‌బ్యాక్_గుంటూరు:
అద్దె ఎంతైనా కట్టేస్తాం అని మాత్రం ముందే అనకండి. మేం అలా అని ఇరుక్కున్నాం.

రిటైర్డ్_సీనియర్‌అసిస్టెంట్:
లైట్ల కరెంటు ఖర్చు పంచుకోవడం న్యాయమే. పదహారేళ్లలోపు పిల్లల దగ్గర పగటిపూట అద్దె మాత్రం తీసుకోకూడదని నా అభిప్రాయం.

లెఫ్ట్‌వింగ్_కోస్తా:
ఐదు వారాల తర్వాత వచ్చి రాస్తున్నాను. నాలుగు క్లబ్బులం మా ఇంటి మేడమీద కూర్చున్నాం. మొదటి రోజు గొడవైంది, రెండో రోజు కుదిరింది. ఒక క్లబ్బులో తొమ్మిది మంది అమ్మాయిలున్నారు, సాయంత్రం ఐదు వాళ్లకే రాశాం. వాకర్స్ సంఘం సంతకం చేసింది. క్రికెట్ కోచ్ గారిని కలిస్తే, పిచ్ చుట్టూ తాడు కడతామన్నాక మంగళ, గురువారాలు ఒక పక్క వదిలేందుకు ఒప్పుకున్నారు. ఆయన్ని ఇన్నేళ్లు ఒక్కసారి కూడా అడగలేదని అప్పుడు గుర్తొచ్చి సిగ్గేసింది.

ఇన్‌వర్డ్ నంబర్‌తో రెండుసార్లు ఆఫీసుకు, ఒకసారి సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌కు వెళ్లాను. నిన్న మూడు నెలలకు టైమ్‌టేబుల్ ఇచ్చారు, ముద్రతో. గేటు పక్కన అతికించాం. టెంట్ల డిపాజిట్ గురించి ఇంకా ఏమీ చెప్పలేదు, అది అడుగుతూనే ఉంటాను.

పిల్లాడి కట్టు విప్పారు. ఫిజియో ఇంకో పది రోజులు ఆగమన్నారు, ఆగుతున్నాం. ఆదివారం అందరం కలిసి గుంటలు పూడ్చి గీతలు గీస్తాం. సున్నంతో గీస్తే కళ్లలో పడి మండుతుందని విన్నాను, సుద్దపొడి ఎక్కడ దొరుకుతుందో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.