సమస్య: కన్నుఁ బెఱికినపుడె కనులు దెఱచె

ఈ వారం ఇచ్చింది ఆటవెలది నాలుగో పాదం; ముందు మూడు పాదాలూ కట్టి పద్యం పూర్తి చేయడమే పూరణ. యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన అక్షరమైత్రి) తేలికే, క–క. చిక్కంతా భావంలో ఉంది. పోయిన కన్ను ఎవరిది, తెఱచిన కనులు ఎవరివి?

ఒంగోలు సభ్యుని పూరణ:

నెత్తు రొలుకు శివుని నేత్రమ్ముఁ గనలేక
తిన్నఁ డమ్ముతోడఁ దీసెఁ దనది
మూఁడు కనులు గల్గి మూసికొన్న శివుండు
కన్నుఁ బెఱికినపుడె కనులు దెఱచె

కావలి సభ్యుడు: మూడో పాదం అద్భుతం. కానీ మూసిన కంట్లో నెత్తురు తిన్నడికి (మన కన్నప్పకి) ఎలా కనబడింది? పైగా భక్తి పద్యంలో ఇంత రక్తం అవసరమా అండీ?

ఒంగోలు: రెప్ప మూసినంత మాత్రాన నెత్తురు ఆగదు కదండీ, కిందనుంచి కారుతుంది.

నెల్లూరు (నిర్వహణ): ఆ సమాధానం నాకు చాలు. రక్తం సంగతికొస్తే, అది తీసేస్తే తిన్నడి కథలో మిగిలేదేముంది? శివానందలహరి 63వ శ్లోకం చూడండి. దారిలో అరిగిన చెప్పు పశుపతికి కూర్చ (పూజలో వాడే దర్భల కట్ట) అయింది, పుక్కిట నీళ్ళు అభిషేకం, కొరికి చూసిన మాంసం నైవేద్యం. మడి ఎక్కడుంది అందులో? ధూర్జటి కాళహస్తి మాహాత్మ్యంలో ఈ కథను అంత తీరిగ్గా చెప్పిందీ ఆ మోటుతనం మీద ప్రేమతోనే అని నా నమ్మకం.

పొదిలి సభ్యురాలి పూరణ:

కాకి రూపుఁ దాల్చి కష్టపెట్టె సతిని
రాముఁ డేయఁ దృణము రాలెఁ గన్ను
ఇంద్రతనయుఁ డెంత యెగిరిన నేమాయె
కన్నుఁ బెఱికినపుడె కనులు దెఱచె

నెల్లూరు: సీతను బాధించిన కాకాసురుడి కథ ఇది. "ఎగిరిన" మాట కాకికీ పొగరుకీ రెండింటికీ అతికింది, హాయిగా ఉంది. ఒక్క లోపం. రెండో పాదంలో కన్ను "రాలింది", నాలుగో పాదంలో "పెఱికారు". రెంటిలో ఒకటే నిలవాలి. "సతిని" అంటే ఎవరి సతి అన్నదీ రెండో పాదం దాకా తేలదు.

ఆత్మకూరు సభ్యుడు శుక్లాల ఆపరేషన్ మీద రాశారు. ఊహ కొత్తదే, రెండో పాదంలో యతి తప్పింది. సవరించి పంపండి.

ఒక్క మాట. మా అమ్మమ్మ తిన్నడి కథ చెబుతూ, శివుడి రెండో కంట్లోనూ నెత్తురు కారే దగ్గరికొచ్చేసరికి కాలి బొటనవేలు అరుగు మీద గట్టిగా నొక్కి చూపేది: "ఇదిగో, ఇట్టా గుర్తు పెట్టుకున్నాడు సామి కంటి మీద. రెండోది కూడా పీకితే చూపుండదు కదరా." దేవుడి కంటి మీద ఎరుకువాడి కాలు. అది ఇంతవరకూ ఏ పూరణలోనూ పడలేదు. శనివారం రాత్రి దాకా గడువుంది.