బండ్లు తిరగని గట్టు మీద సైకిల్ తొక్కే పిల్లలకి హెల్మెట్ కావాలా?

ఇందుకూరుపేట నాన్న:
మా వాడికి 9 ఏళ్లు. బడి నుంచి రాగానే కాలవ గట్టు మీద, రొయ్యల గుంటల దారుల్లో సైకిల్ తొక్కుతాడు. లారీ రాదు, బస్సు రాదు. హెల్మెట్ పెట్టుకుంటేనే పంపుతానని వాళ్లమ్మ పట్టుబట్టింది. పల్లెలో సైకిల్‌కి హెల్మెట్ ఏంట్రా, నలుగురూ నవ్వుతారని మా నాన్న. ఇంట్లో రోజూ ఇదే గొడవ. మీరేమంటారు?

కావలి కుర్రోడు:
అక్కర్లేదన్నా. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ కూడా మోటారు సైకిళ్లకే హెల్మెట్ అడుగుతుంది. మోకాలు చెక్కుకుపోకుండా సైకిల్ నేర్చుకున్నవాడు మనలో ఎవరున్నారు? ఈ ఎండల్లో నెత్తిన అది పెడితే పిల్లోడు సైకిలే మానేసి ఫోన్ పట్టుకుంటాడు. ఆ నష్టం ఇంకా పెద్దది.

ఆర్థో వార్డు సిస్టర్, నెల్లూరు:
తమ్ముడూ, బండి గుద్దితేనే పెద్ద దెబ్బ అనుకోవడం దగ్గరే నాకు అభ్యంతరం. వీధిలోనో గట్టు మీదో తమంతట తామే పడి వచ్చే పిల్లల్ని చూస్తూనే ఉంటాను. పడేటప్పుడు చెయ్యి ఆనిస్తారు. బరువంతా దాని మీద పడి మణికట్టు దగ్గరో, మోచేతికి పైనో ఎముక విరుగుతుంది. దానికి హెల్మెట్ అడ్డుపడదు, నిజమే. కానీ తల పగలడానికి లారీ రావక్కర్లేదు, సిమెంటు రోడ్డు అంచు చాలు.

నాకు ఎక్కువ భయం హ్యాండిల్ అంటే. ముందు చక్రం అడ్డం తిరిగి హ్యాండిల్ కొస పొట్టలో గుచ్చుకుంటుంది. పైకి రూపాయి బిళ్లంత కమిలిన గుర్తు తప్ప ఏమీ కనపడదు. లోపల ప్లీహమో కాలేయమో చిట్లొచ్చు, క్లోమం నలగొచ్చు. పిల్లాడు లేచి ఇంటికి నడిచొస్తాడు, అన్నం కూడా తింటాడు. కొన్ని గంటలకో మర్నాటికో వాంతులు మొదలవుతాయి, పొట్ట గట్టిపడుతుంది, మొహం పాలిపోతుంది. ఎడమ భుజం నొప్పి అంటే, భుజానికి దెబ్బే తగల్లేదు కదా అని వదిలేయకండి. ప్లీహం నుంచి రక్తం కారితే నొప్పి అక్కడ తెలుస్తుంది. జండూబామ్ రాసి పడుకోబెట్టొద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

సైకిల్ షాపు, ఒంగోలు:
సిస్టర్ గారి మాట నిజం. సర్కారు తుమ్మ ముల్లు దిగి పంచరైతే పరుగెత్తుకొస్తారు. గ్రిప్పు చిరిగి ఇనప గొట్టం బయటపడినా మాత్రం నెలల తరబడి అలాగే తొక్కుతారు. గ్రిప్పుల జతకి పెద్ద ఖర్చేం కాదు. ఇంకోటి, వెనక క్యారేజీ మీద చెల్లెల్ని కూర్చోబెట్టుకుని పోతారు. ఆ పిల్ల కాలు స్పోకుల్లో పడితే మడమ చితికిపోతుంది. చక్రానికి సారీ గార్డు, కాళ్లకి ఫుట్‌రెస్టు బిగించుకోండి. చున్నీ వేసుకునే ఆడపిల్లలుంటే గార్డు తప్పనిసరి. గట్టు దిగేటప్పుడు ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పట్టొద్దని కూడా నేర్పండి. వెనక చక్రం లేచి హ్యాండిల్ మీంచి ముందుకి పడతారు.

కావలి కుర్రోడు:
గ్రిప్పులు, గార్డు సరే. హెల్మెట్ మాట మాత్రం ఒప్పుకోలేను సిస్టర్. చేతికీ పొట్టకీ పనికిరాదని మీరే అన్నారు. మరి దానికోసం పిల్లోడితో రోజూ యుద్ధం ఎందుకు?

ఆర్థో వార్డు సిస్టర్, నెల్లూరు:
చెయ్యి అతుక్కుంటుంది తమ్ముడూ, మెదడుకి తగిలితే అలా కాదు. అయితే మీ బైక్ హెల్మెట్ పెట్టొద్దు, పిల్లల మెడకి బరువు. గాలి కన్నాలున్న సైకిల్ హెల్మెట్లు తేలిగ్గా ఉంటాయి. కనుబొమలకి రెండు వేళ్లు పైన కూర్చోవాలి, గడ్డం కింద పట్టీ బిగించాలి. ఒకసారి గట్టి దెబ్బ తిన్నాక మార్చేయాలి.

ఇందుకూరుపేట నాన్న:
ఒక సందేహం సిస్టర్. చెయ్యి వాస్తే మా ఊళ్లో ముందు పుత్తూరు కట్టే అంటారు. వెళ్లొచ్చా?

ఆర్థో వార్డు సిస్టర్, నెల్లూరు:
ముందు ఎక్స్‌రే తీయించండన్నా. మోచేతికి పైన విరిగితే పక్కనే ఉన్న రక్తనాళం నలిగే ప్రమాదం ఉంది. కట్టు ఎవరు కట్టినా సరే, ఆ తర్వాత వేళ్లు చల్లబడినా, తిమ్మిరెక్కినా, వేళ్లు చాపుతుంటే పిల్లాడు గట్టిగా ఏడ్చినా ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లి కట్టు విప్పించండి. తెల్లారేదాకా ఆగితే లోపలి కండ చచ్చిపోతుంది.