ఇంటర్వ్యూ చేసేది జర్మన్ ఆవిడ, ప్రిపరేషన్ మార్చాలా?

బ్రాడీపేట కుర్రాడు: జావా డెవలపర్‌ని, ఉండేది గుంటూరు. శుక్రవారం వీడియో ఇంటర్వ్యూ, మ్యూనిక్ నుంచి ఒక మేనేజర్ చేస్తారట. ‘జర్మన్లు నవ్వరు, నువ్వూ బిగుసుకుని కూర్చో’ అంటాడు మా రూమ్మేట్. వాడు జర్మన్లను ఫుట్‌బాల్ మ్యాచ్‌లో తప్ప చూసిన పాపాన పోలేదు. టెన్షన్‌గా ఉంది.

బెంజి సర్కిల్ అక్క: ముందు టైమ్ చూసుకో తమ్ముడూ. వేసవిలో జర్మనీ మనకంటే 3.30 గంటలు వెనక, అక్టోబర్ చివరి ఆదివారం నుంచి 4.30 గంటలు. నవ్వడం, నవ్వకపోవడం ఆవిడ ఇష్టం, జర్మన్ అని నువ్వేమీ మార్చుకోనక్కర్లేదు.

విజయవాడలో నేనూ ఇంటర్వ్యూలు చేస్తుంటా. మీ గురించి చెప్పండి అనగానే మనవాళ్లు నాన్నగారి ఉద్యోగం, పదో తరగతి మార్కులతో మొదలెడతారు. ప్రాజెక్ట్ గురించి అడిగితే అన్నీ ‘మేం చేశాం’. అందులో నువ్వు రాసిన కోడ్ ఎంతో చెప్పు. ఇంకోటి, మనం తల అటూ ఇటూ ఊపితే అవతలివాళ్లకు అది అవునో కాదో తెలీదు. నోటితో చెప్పు.

పట్టాభిపురం: అలాగని ఏమీ మార్చొద్దంటే ఒప్పుకోను. జపాన్ కంపెనీల్లో స్వపరిచయానికి ఒక పద్ధతంటూ ఉంటుంది, అది నేర్చుకుని వెళ్లాల్సిందే.

బ్రాడీపేట కుర్రాడు: మరి ఆవిడను మేడమ్ అనాలా?

బెంజి సర్కిల్ అక్క: మెయిల్ కింద ఏ పేరుతో సంతకం చేసిందో అలాగే పిలువు. మొదటి పేరొక్కటే ఉంటే అదే చాలు. ఫోన్ హాట్‌స్పాట్ రెడీగా పెట్టుకో, కరెంటును నమ్మలేం.