అప్‌డేట్: నాన్నకి ఆపరేషన్ అయింది, రిపోర్టు కూడా వచ్చింది

నాన్న కుడి ఊపిరితిత్తి పైభాగంలో 14 మిల్లీమీటర్ల గడ్డ కనిపించింది, దగ్గు లేదు, ఆయాసం లేదు, ఇంత బాగున్న మనిషికి ఆపరేషన్ అవసరమా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా. చేయించేశాం.

కుడి ఊపిరితిత్తికి ఉండే మూడు లోబుల్లో (భాగాల్లో) పైది తీసేశారు, పక్కటెముకల మధ్య చిన్న కోతలు పెట్టి, కెమెరా సాయంతో. క్యాన్సర్ పాకిందేమో చూడ్డానికి లింఫు గ్రంథులు కూడా పరీక్షకు పంపారు. ఆ రిపోర్టు కోసం పడ్డ టెన్షన్ ఆపరేషన్ రోజు కూడా పడలేదు. గ్రంథుల్లో ఏమీ లేదు. గడ్డ మాత్రం క్యాన్సరే, కానీ స్టేజ్ 1ఎ2, అంటే తొలిదశే, కీమో అక్కర్లేదన్నారు. ఈ దశలో ఆపరేషన్ అయినవాళ్లలో నూటికి 80 మందికి పైగా అయిదేళ్లు దాటుతారట.

"ఆగి చూడండి" అని అప్పుడు జవాబిచ్చినవాళ్లది తప్పేం కాదు. చిన్న గడ్డలు చాలావరకు క్యాన్సర్ కావు. కానీ నాన్న గడ్డ ఆరు నెలల్లో 11 నుంచి 14 మిల్లీమీటర్లకి పెరిగింది. ఆ ముక్క అప్పుడు రాయకపోవడం నా పొరపాటే.

అసలు దొరికిందే లో-డోస్ సీటీ (తక్కువ రేడియేషన్‌తో తీసే ఛాతీ స్కాన్) వల్ల. 35 ఏళ్లు సిగరెట్లు కాల్చిన మనిషి కదా, నేనే పోరు పెట్టి తీయించాను. 2011లో వెలువడిన అమెరికా అధ్యయనంలో, ఛాతీ ఎక్స్‌రే తీసినవాళ్లకంటే ఈ స్కాన్ చేయించుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు 20 శాతం తగ్గాయి.

ఇప్పుడు ఆయన పని మూడు బంతుల పరికరంతో గాలి పీల్చడం. మొదటిరోజు ఒక్క బంతి కదిలిందంతే, అదీ దగ్గుతూ. నిన్న మూడోది కూడా లేచింది. "చూశావా?" అని నావైపు తిరిగేసరికి మూడూ టక్కున కింద పడ్డాయి. తర్వాతి స్కాన్ ఆరు నెలలకి.