"ఊరికే కూర్చున్నారు, అంతేగా?" అంటోంది మా పాప. ఏం చెప్పాలి?

కేరీ_అమ్మ:
అందరికీ నమస్కారం. మేం నార్త్ కరోలినాలో, కేరీలో ఉంటాం. పాప ఏడో క్లాసు. స్కూల్లో పౌర హక్కుల పోరాటం మీద ఐదు నిమిషాలు మాట్లాడాలి, తనకి గ్రీన్స్‌బరో సిట్-ఇన్ వచ్చింది. 1960 ఫిబ్రవరి 1న నలుగురు నల్లజాతి కాలేజీ కుర్రాళ్లు ఊల్‌వర్త్ షాపులో తెల్లవాళ్లు మాత్రమే కూర్చునే లంచ్ కౌంటర్ దగ్గర కూర్చుని కాఫీ అడిగారు, ఇవ్వనన్నా షాపు మూసేదాకా లేవలేదు. నాకు తెలిసింది ఇంతే. అది చదివి పాప "ఊరికే కూర్చున్నారు, అంతేగా అమ్మా? అందులో అంత గొప్పేముంది?" అని అడిగింది. కోప్పడబోయి ఆగిపోయాను, ఎందుకంటే అది అడగాల్సిన ప్రశ్నే. నలుగురి ఫొటో అతికించి నాలుగు పొగడ్తలు చదివించడం నాకు ఇష్టం లేదు. వాళ్లని నిజంగా గౌరవించినట్టు ఉండాలంటే ఏం చెప్పాలి? శనివారం గ్రీన్స్‌బరో తీసుకెళ్దామని ఉంది.

గ్రీన్స్‌బరోలో_చదివా:
తప్పకుండా తీసుకెళ్లండి అక్కా. ఆ షాపే ఇప్పుడు మ్యూజియం, సరిగ్గా యాభై ఏళ్లకి, 2010 ఫిబ్రవరి 1న తెరిచారు. కౌంటర్, స్టూళ్లు అక్కడే ఉన్నాయి, కొంత భాగం మాత్రం వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ వాళ్ల దగ్గరుంది. పాపకి ముందు రసీదు సంగతి చెప్పండి. ఆ నలుగురూ (ఎజెల్ బ్లెయిర్, డేవిడ్ రిచ్‌మండ్, ఫ్రాంక్లిన్ మెకైన్, జోసెఫ్ మెక్‌నీల్, అందరూ ఏ అండ్ టీ కాలేజీలో మొదటి సంవత్సరం) ముందు అదే షాపులో టూత్‌పేస్టు లాంటివి కొని రసీదు దగ్గర పెట్టుకున్నారు. అక్కడ మా డబ్బు తీసుకున్నారు కదా, మరి ఇక్కడ కాఫీ ఎందుకివ్వరు అని అడగడానికి. ఇది ఊరికే కూర్చోవడం కాదు, బాగా ఆలోచించుకుని వచ్చి కూర్చోవడం.

ఇంకో మాట. నలుగురితో ఆపేయొద్దు. బెన్నెట్ అనే ఆడపిల్లల కాలేజీ నుంచి ఎంతమంది వచ్చి కూర్చున్నారో ఎవరూ చెప్పరు. ఎండాకాలం సెలవులకి కాలేజీ వాళ్లు ఇళ్లకి వెళ్లిపోతే డడ్లీ హైస్కూల్ పిల్లలు ఆ పని అందుకున్నారు. జూలై 25న షాపు దిగొచ్చినప్పుడు ఆ కౌంటర్లో మొదట కూర్చుని తిన్నది ఆ షాపులోనే పనిచేసే నల్లజాతి ఉద్యోగులు. రోజూ ఇతరులకి వడ్డించిన చోట వాళ్లకి కూర్చునే వీల్లేకపోయింది అన్నమాట. నాకైతే మొత్తం కథలో అదే గుండెకి తగులుతుంది.

నాగపూర్_తెలుగు:
నేను నాగపూర్‌లో పుట్టి పెరిగినవాణ్ని, అందుకని ఈ ముక్క చెప్పకుండా ఉండలేను. జేమ్స్ లాసన్ అనే అమెరికా నల్లజాతి ఆయన కొరియా యుద్ధానికి సైన్యంలో చేరనని ఏడాదికి పైగా జైల్లో ఉండి, తర్వాత మా ఊరి హిస్లాప్ కాలేజీకి వచ్చి 1953 నుంచి 56 దాకా పనిచేశారు, ఇక్కడే గాంధీ సత్యాగ్రహాన్ని దగ్గరగా చదువుకున్నారు. అమెరికా తిరిగెళ్లాక టెనెసీ రాష్ట్రంలోని నాష్‌విల్‌లో చర్చి కింది గదిలో కాలేజీ పిల్లలకి శిక్షణ ఇచ్చారు. ఎలాగంటే, కొందరు తెల్లవాళ్లలా నటిస్తూ తిట్టడం, తోసెయ్యడం, మీద ఉమ్మడం చేస్తుంటే మిగతావాళ్లు చెయ్యెత్తకుండా, నోరు జారకుండా కూర్చోవాలి. కోపం లేక కాదు, ఉన్న కోపాన్ని పట్టుకోవడం నేర్చుకున్నారు.

ఇదంతా గ్రీన్స్‌బరో కంటే ముందే మొదలైంది. 1960 ఫిబ్రవరి 27న నాష్‌విల్ కౌంటర్ల దగ్గరికి తెల్లవాళ్ల గుంపు వచ్చి స్టూళ్ల మీంచి లాగి కొట్టినప్పుడు పోలీసులు కొట్టినవాళ్లని వదిలేసి కూర్చున్నవాళ్లని పట్టుకెళ్లారు. ఒక జట్టుని తీసుకెళ్లగానే ఇంకో జట్టు వచ్చి అవే స్టూళ్ల మీద కూర్చుంది. ఆ రోజు 80 మందికి పైగా అరెస్టయ్యారు, కోర్టు వేసిన జరిమానా కట్టం, జైలుకే వెళ్తాం అన్నారు. ఏప్రిల్ 19న వాళ్ల లాయరు ఇంటి మీద బాంబు వేస్తే వేలమంది మాట్లాడకుండా నడిచి మేయర్ దగ్గరికి వెళ్లారు. అక్కడ డయాన్ నాష్ అనే విద్యార్థిని, రంగుని బట్టి మనిషిని వేరుగా చూడటం తప్పని మీకు అనిపించడం లేదా అని సూటిగా అడిగితే ఆయన తప్పేనని ఒప్పుకున్నాడు. మే 10 నుంచి నాష్‌విల్ కౌంటర్లు నల్లవాళ్లకీ తెరుచుకున్నాయి.

ఆ పిల్లలు రాసుకున్న నియమాలు నాష్‌విల్ పబ్లిక్ లైబ్రరీలో ఒక కౌంటర్ మీద చెక్కించారు. నిటారుగా కూర్చో, కౌంటర్ వైపే చూడు, కొట్టినా తిట్టినా తిరిగి ఆ పని చేయకు, ఇలా ఉంటాయి. పాపని అలా పావుగంట కదలకుండా కూర్చోమనండి, మీరు పక్కన విసిగిస్తూ ఉండండి. తనకే తెలుస్తుంది.

చరిత్ర_పాఠం:
పైవాళ్లు చెప్పినవి సరైనవే, కానీ గ్రీన్స్‌బరోనే మొదటిదని మాత్రం పాప చేత చెప్పించకండి. మీ పక్కనే డర్హమ్‌లో 1957లోనే ఒక ఐస్‌క్రీమ్ పార్లర్‌లో ఏడుగురు కూర్చుని అరెస్టయ్యారు. 1958లో ఓక్లహోమా సిటీలో క్లారా లూపర్ అనే టీచర్ వెంట వెళ్లి కూర్చున్నది కాలేజీవాళ్లు కూడా కాదు, చిన్నపిల్లలూ హైస్కూల్ పిల్లలూ. గ్రీన్స్‌బరో గొప్పతనం అక్కణ్నుంచి నిప్పులా పాకడం, రెండు నెలల్లో 50కి పైగా ఊళ్లలో విద్యార్థులు ఇలాగే కూర్చున్నారు. ఆ ఏప్రిల్లోనే ఎల్లా బేకర్ అనే పౌర హక్కుల నాయకురాలు రాలీలో షా యూనివర్సిటీకి అందర్నీ పిలిపించి, పెద్ద సంఘాల కింద చేరిపోవద్దు, మీ సంఘం మీరే పెట్టుకోండి అని అండగా నిలబడ్డారు. అలా పుట్టిందే స్నిక్ (SNCC), అహింసా పద్ధతిలో పోరాడిన విద్యార్థుల సంఘం. రాలీ మీకు ఎంత, ఇరవై నిమిషాలు. అటు కూడా చూపించండి.

కేరీ_అమ్మ:
అందరికీ చాలా థాంక్స్ అండీ. శనివారం వెళ్లొచ్చాం. ఆ కౌంటర్ ముందు పాప చాలాసేపు నిలబడింది, నేను పిలవలేదు. రాత్రి ఊళ్లో ఉన్న మా నాన్నకి ఫోన్ చేసి ఇదంతా చెప్పింది. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, తన చిన్నప్పుడు మా ఊరి టీ హోటల్లో కొందరికి గ్లాసులు వేరే ఉండేవని, వాళ్లు బయటే నిలబడి తాగి, కడిగి పెట్టి వెళ్లేవాళ్లని, తను లోపల బెంచీ మీద కూర్చుని అది రోజూ చూశాడని చెప్పాడు. ఈ మాట నాకు ఇన్నేళ్లలో ఎప్పుడూ చెప్పలేదు. "మరి నువ్వు ఏమైనా అన్నావా తాతయ్యా?" అని అడిగింది పాప. "లేదమ్మా, అనలేదు" అన్నాడు.

ఇప్పుడు తన ప్రసంగం తనే రాసుకుంటోంది. రసీదుతో మొదలుపెట్టింది. బెన్నెట్ అమ్మాయిల గురించి ఒక పేరా ఉంది. తాతయ్య మాట పెట్టొచ్చా అని ఆయన్నే అడిగింది, పెట్టమన్నాడు.