నమ్మకస్తులమో కాదో మనకు మనమే తేల్చుకోగలమా?

బెజవాడ_అకౌంటెంట్:
చిన్న వ్యాపారులకు జీఎస్టీ రిటర్నులు వేసే పని మాది. మా జూనియర్లలో ఎవర్ని అడిగినా "క్లయింటుకి నా మీద పూర్తి నమ్మకం సార్" అంటారు. ఒక మనిషిని నమ్మొచ్చా లేదా అనేది ఎదుటివాళ్లు మూడు విషయాలను బట్టి తేల్చుకుంటారని 1995లో మేయర్, డేవిస్, షూర్మన్ అనే పరిశోధకులు రాశారు: పని వచ్చా, నా మేలు కోరతాడా, నీతిగా ఉంటాడా. పని వచ్చో రాదో మనకే తెలుస్తుంది. మిగతా రెండూ అవతలివాళ్లు చెప్పాల్సిందే, మన మార్కులు మనమే వేసుకుంటే చెల్లవని నా వాదన. కాదనేవాళ్లు ఉన్నారా?

పాత_ఆడిటర్:
నేను కాదంటానండీ. అవతలివాళ్ల మాటే కొలత అయితే సత్యం కంప్యూటర్స్ సంగతేమిటి? 2008లో కార్పొరేట్ గవర్నెన్స్‌కి గోల్డెన్ పీకాక్ అవార్డు ఇచ్చారు. 2009 జనవరి 7న లెక్కలు తప్పుడువని ఛైర్మనే ఉత్తరం రాశారు. జనం నమ్మడం వేరు, నమ్మదగ్గట్టు ఉండటం వేరు. ఏం దాచారో దాచినవాళ్లకే తెలుసు.

మీ పనిలోనే చూడండి. 14న జీఎస్టీఆర్-2బి వస్తుంది, అంటే సప్లయర్లు ఎక్కించిన బిల్లుల లిస్టు. సప్లయర్ ఎక్కించని బిల్లు అందులో కనపడదు, కనపడకపోతే ఆ క్రెడిట్, అంటే సరుకు కొన్నప్పుడు కట్టిన పన్నుని మనం కట్టాల్సిన దాంట్లో తగ్గించుకోవడం, ఈ నెలకు లేనట్టే. 2022 జనవరి నుంచి రూలు అదే. నెలనెలా వేసేవాళ్లకు 3బి, అంటే పన్ను లెక్క చూపి కట్టే రిటర్ను, గడువు 20. "క్రెడిట్ రావట్లేదు, డబ్బు సర్దుకోండి, సప్లయర్‌ని గట్టిగా అడగండి" అని 15నే ఫోన్ చేశామా? లేక 20 సాయంత్రం "ఇంకో 40 వేలు కట్టాలి" అన్నామా? ఆ వ్యాపారి అప్పటికప్పుడు ఎక్కడ తెస్తాడు? గడువు దాటితే లేటు ఫీజు, పైగా పన్ను మీద 18 శాతం వడ్డీ. మన ఫోన్‌లో కాల్ లిస్టు తీస్తే అతని మేలు ఎంత కోరామో తెలిసిపోతుంది.

గచ్చిబౌలి_టెస్టర్:
ముందే చెప్పినంత మాత్రాన మేలు కోరినట్టు కాదు సార్. మా దగ్గర బగ్ దొరికిన నిమిషంలో మేనేజర్‌కి సీసీ పెట్టి మెయిల్ కొట్టేవాళ్లున్నారు. అది డెవలపర్ కోసం కాదు, రేపు తమ మీదకు రాకుండా. తేదీ మాత్రం పక్కాగా ఉంటుంది. అలాంటివాళ్లకు తమ టీమ్‌వాళ్లే కష్టం వస్తే చెప్పుకోరు. మనకు ఎవరూ ఏమీ చెప్పుకోవట్లేదంటే అక్కడ ఆలోచించుకోవాలి.

పాత_ఆడిటర్:
నిజమే, ఒప్పుకుంటాను. అయినా ఆ సీసీ ఎందుకు పెట్టాడో అతనికి తెలియదంటారా? నేనైతే ఆ మాట ఒప్పుకోను.

బెజవాడ_అకౌంటెంట్:
తెలిసినా ఒప్పుకోడు, నా గొడవంతా అదే. కాల్ లిస్టు మాట మాత్రం నచ్చింది. వచ్చే 14 నుంచి మా రిజిస్టర్‌లో "మనకు తెలిసిన తేదీ", "క్లయింటుకి చెప్పిన తేదీ" అని రెండు గళ్లు గీయిస్తున్నాను. పూర్తి చేసేది జూనియర్లే, కానీ నెలాఖరున క్లయింటుకీ ఒకసారి చూపిస్తాం.